టంకశాల సభల్లో మొదటి చెయ్యి

మా అమ్మమ్మ చప్పట్లు కొట్టనిదే ఈ దేశంలో కొత్త నాణెం చెల్లదు. టంకశాలవాళ్ళు ఎంత లోహమైనా కరిగించుకోనీ, బొమ్మ చెక్కేవాడు కళ్ళు పోయేలా చెక్కుకోనీ, వేదిక మీది పెద్దమనిషి ముసుగు లాగనీ, ఆమె రెండు అరచేతులూ కలిసేదాకా అది ఇనప ముక్కతో సమానం. కలిశాకే డబ్బు. మీ జేబుల్లో గలగలలాడుతున్న బిళ్ళల్లో సగానికి పురుడు పోసింది ఆమే. కాదనేవాళ్ళు మా ఇంటికి వచ్చి ఆమె ముందే అనవచ్చు. కాస్త గట్టిగా అనాలి. చెవుడు.

ఎవరైనా గొప్పవాళ్ళు పుట్టి వందేళ్ళయినా, ఏ వంతెనో కట్టి చాలా ఏళ్ళయినా టంకశాల ఒక స్మారక నాణెం వేస్తుంది. వేసి ఊరుకోదు, విడుదల సభ పెడుతుంది. ఆ సభకు జనం రారు. ఎందుకొస్తారు? పాట లేదు, ఆట లేదు, చూపించేదేమో గోరంత బిళ్ళ. వేదిక మీద పెడితే ముందు వరసకే ఆనదు. అందుకని బండి చక్రమంత చెక్క నమూనా చేయించి, దానికి వెండి రంగు పూసి, పైన నీలం పట్టుగుడ్డ కప్పుతారు. గుడ్డ లాగగానే హాలంతా చప్పట్లు మోగాలి. జనమే లేని హాలు ఎలా మోగుతుంది? అక్కడే కుర్చీల మేస్త్రి అవసరం పడుతుంది.

మేస్త్రి సభలకు కుర్చీలు అద్దెకిస్తాడు. కుర్చీలతోపాటు వాటిలో కూర్చునే మనుషుల్నీ ఇస్తాడు. పని మానేసిన దర్జీ, పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసిన ఆవిడ, మోకాళ్ళు పోయిన ట్రాము కండక్టరు, ఇలాంటి వాళ్ళందరినీ వ్యానులో ఎక్కించుకుని వెళ్ళి వరసల్లో నింపుతాడు. ఉతికిన బట్టలు కట్టుకోవాలి, దగ్గకూడదు, ప్రసంగం మధ్యలో గడియారం చూడకూడదు. సభ చివర ఒక్కొక్కరి చేతిలో ప్లాస్టిక్ డబ్బీలో పెట్టిన కొత్త నాణెం పెడతారు. దాన్ని చెంప పక్కన పట్టుకుని కెమెరాకేసి నవ్వాలి. నవ్వాక బయటికొస్తే గేటు దగ్గర మేస్త్రి గుడ్డసంచి తెరిచి నిలబడి ఉంటాడు, ఎవరి నాణెం వాళ్ళు అందులో వేసి వ్యానెక్కాలి. ఒకసారి దర్జీ నాణేన్ని నాలుక కింద పెట్టుకుని ఖాళీ డబ్బీ సంచిలో వేశాడు. మేస్త్రి దర్జీ భుజం మీద చెయ్యి వేసి, ఆయన కూతురి ఆరోగ్యం గురించి, అల్లుడి ఉద్యోగం గురించి వరసగా అడుగుతూ జవాబు కోసం ఎదురుచూశాడు. చొంగ గడ్డం మీదికి కారేదాకా ఎదురుచూశాడు. వ్యానులో ఉన్నవాళ్ళంతా కిటికీల్లోంచి చూసి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అమ్మమ్మ.

ఈ ముఠాలో ఆమె హోదా వేరు. ఆమె మొదటి చెయ్యి. గుడ్డ జారగానే మనిషన్నవాడు ఒక్క క్షణం బొమ్మను చూస్తాడు. చూస్తే అది బాగోలేదని తెలిసిపోతుంది. తెలిసిపోయాక చేతులు లేవవు. ఆ క్షణం గడవకముందే ఒకరు గట్టిగా చప్పట్లు ఎత్తుకుంటే మిగతావాళ్ళ చేతులు వాటంతట అవే కలుస్తాయి. ఆ ఎత్తుకునే మనిషిని మొదటి చెయ్యి అంటారు. ఈ పనిలో ఒకటే నియమం. మిగతావాళ్ళు ఆపేదాకా మొదటి చెయ్యి ఆపకూడదు. మధ్యలో ఆపితే భయపడిందని తెలిసిపోతుంది.

అమ్మమ్మ అంతకుముందు చాకిరేవు కంపెనీలో తడి దుప్పట్లు పిండేది. పెద్ద హోటళ్ళ దుప్పట్లు, పడవ తెరచాపల్లా ఉండేవి. వాటిని పిండి పిండి ఆమె అరచేతులు చెక్కల్లా అయిపోయాయి. ఆమె చప్పట్లు కొడితే బల్ల విరిగి నేల మీద పడ్డట్టు ఉంటుంది. చిన్నప్పుడు ఆ చేతులతో నా వీపు మీద కూడా చాలా నాణేలు విడుదల చేసింది. మా తాత లారీ నడిపేవాడు. ఆయన పోవడం గురించి ఎవరైనా అడిగితే, "పోయాడు. చెప్పకుండా పోవడం ఆయనకి ముందునుంచీ అలవాటే" అంటుంది.

మొదటి చెయ్యికి ముందు వరసలో, నడవా పక్కన కుర్చీ ఇస్తారు. మెత్త ఉన్న కుర్చీ. మిగతావన్నీ ఇనప కుర్చీలు. వ్యానులో కూడా ఆమెకు డ్రైవరు పక్క సీటు. రెండో వరసవాళ్ళు పలకరిస్తే తల ఊపుతుంది, మూడో వరసవాళ్ళకు అదీ లేదు. నేను కూర్చునేది మూడో వరస. ఇంట్లో నా ప్లేటులోంచి తినే మనిషి వ్యానులో నన్ను ఎరగనట్టే ఉండేది.

ఇక ఆమె చెల్లెలు, మా చిన్నమ్మమ్మ. అదే చాకిరేవులో ఇస్త్రీ పెట్టె పట్టింది. పెళ్ళి చేసుకోలేదు. ఉంటున్న గది పడగొడతామని యజమాని అంటే, వేరే గది దొరికేదాకా అని ఇస్త్రీ పెట్టె, సూట్‌కేసు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గది దొరకలేదు. వెతికిందో లేదో కూడా తెలియదు. అమ్మమ్మ ఆ సంగతి ఆవిడను ఏ పూటా మరిచిపోనివ్వలేదు. ఆవిడ వంటింట్లో నిలబడి, ఉప్పు ఎక్కడుందక్కా అని అడిగితే "నా ఇంట్లో" అని జవాబు. కిటికీ మూయనా అంటే, నా కిటికీ కదా నేనే మూస్తాలే అని లేచేది. చిన్నమ్మమ్మ నవ్వి ఊరుకునేది. ఇలా నవ్వి ఊరుకునే మనుషుల్ని చూస్తే మా అమ్మమ్మకు ఇంకా కోపం. ముఠాలో చేర్పించింది మాత్రం ఆమే. తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది కూడా. మెత్త లేని కుర్చీ.

చెవుడు సంగతి మొదట కనిపెట్టింది చిన్నమ్మమ్మే. ఒకరోజు వంటింట్లో స్టీలు పళ్ళేలు దొంతరగా జారి పడ్డాయి. అమ్మ, నేను, చిన్నమ్మమ్మ ఎగిరిపడ్డాం. అమ్మమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ టీ ఊదుకుంటోంది. వినపడలేదా అని అమ్మ సైగ చేస్తే, పళ్ళేల చప్పుడుకి గంతులేయడానికి నేనేం పిల్లినా అంది. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మేస్త్రి చెవిన పడితే ఆ మెత్త కుర్చీ పోతుంది. ఆ కుర్చీ పోతే ఆమెను ఇంట్లో మేం రోజంతా భరించాలి. ఆమె అయితే అంత కూడా ఆలోచించి ఉండదు. ఆ కుర్చీ లేకపోతే తను ఎవరో ఆమెకే తెలియదు.

గుడ్డ జారడం కళ్ళకు కనిపిస్తుంది, దానితో చిక్కు లేదు. పేర్లు చదివేటప్పుడు, ప్రసంగాల్లో ఊపిరి తీసుకునేచోట, అతిథులు లేచేటప్పుడు కూడా చప్పట్లు కావాలి. అవి చెవితో పట్టుకోవలసినవి. అందుకు చిన్నమ్మమ్మే ఉపాయం చెప్పింది. పక్కనే ఉంటాను కదక్కా, సమయం రాగానే మోచేత్తో పొడుస్తాను అంది. పొడిస్తే కొట్టాలి, అంతే. దానికి ఇంకో అర్థం లేదు. చిన్నమ్మమ్మది ఎముకల గూడు ఒళ్ళు. సభల రోజుల్లో అమ్మమ్మ పక్కటెముకల దగ్గర నీలంగా కమిలిపోయేది. అమ్మ నూనె రాస్తుంటే, "మోచెయ్యి కాదది, మేకు. దీనికి పెళ్ళి ఎందుకు కాలేదో ఇప్పుడు తెలిసింది" అనేది. చిన్నమ్మమ్మ ఆ పక్క గదిలోనే ఉండేది, ఆవిడ చెవులు శుభ్రంగా పనిచేసేవి.

ఉపాయం బాగా కుదిరింది. ఎంత బాగా అంటే, అమ్మమ్మ కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. వినపడని ప్రసంగానికి పెదాలు చూస్తూ కూర్చోవడం దేనికని. టంకశాల అధికారికి అది ఎంతో నచ్చింది. మహాకవి ఒకాయన పేరు మీద నాణెం వేసినప్పుడు, కళ్ళు మూసుకుని అంత తన్మయంగా విన్న శ్రోతను తన ఉద్యోగంలో చూడలేదని మేస్త్రితో అన్నాడు. నేను బడి మధ్యలో మానేసినదాన్ని కాబట్టి ఆ కవి ఎవరో నాకు తెలియదు. చదువు పూర్తిచేసినవాళ్ళకీ తెలియదని ఆ సభలో ప్రసంగాలు విన్నాక అర్థమైంది.

అలా ఉండగా పడవ నాణెం వచ్చింది.

రేవులో జనాన్ని దాటించే పెద్ద పడవ ఒకటి మునిగిపోయి చాలామంది చచ్చిపోయారు. వాళ్ళ జ్ఞాపకార్థం టంకశాల నాణెం వేసింది. ఈ సభకు నిజమైన జనం వచ్చారు, పోయినవాళ్ళ బంధువులు. వాళ్ళను ఎడమవైపు వరసల్లో కూర్చోబెట్టారు, మమ్మల్ని మధ్యలో. గుడ్డ జారింది. నాణెం మీద పడవ నిక్షేపంగా నీళ్ళ మీద తేలుతోంది, జెండా కూడా ఎగురుతోంది. అమ్మమ్మ ఎత్తుకుంది, మేం కొట్టాం. ఎడమవైపు నుంచి ఒకాయన లేచి, మునిగిన పడవను తేలుతున్నట్టు ఎందుకు చెక్కారని అడిగాడు. మునిగిన పడవను చెక్కితే నీళ్ళు తప్ప ఏమీ కనిపించవని అధికారి చాలా మర్యాదగా వివరించాడు. అడిగినాయన కూర్చున్నాడు.

తరవాత ప్రసంగాలు. పొడవాటి ప్రసంగాలు. చివర అధికారి లేచి, మృతులకు నివాళిగా మౌనం పాటిద్దాం అన్నాడు. కూర్చునే పాటించవచ్చన్నాడు, ముసలివాళ్ళు ఎక్కువ కదా అని. అందరూ తలలు వంచారు. హాలు నిశ్శబ్దమైపోయింది. ముందు వరసల వైపు నుంచి ఏదో సన్నగా గరగరమన్నది. ఎవరో పాపం ఏడుపు ఆపుకుంటున్నారనుకున్నాను. నా పక్కనున్న ట్రాము కండక్టరు కూడా అలాగే అనుకున్నాడేమో, జేబురుమాలు తీసి కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు మా అమ్మమ్మ చప్పట్లు ఎత్తుకుంది.

బల్ల విరిగింది. విరుగుతూనే ఉంది. మేం ఏళ్ళ తరబడి ఆ చప్పుడు వింటే చేతులు కలపడానికి అలవాటుపడ్డ మనుషులం. తలలు వంచుకునే ఉన్నాం, కళ్ళు కూడా తెరవలేదు. చేతులు లేచిపోయాయి. మధ్య వరసలన్నీ ఒక్కసారి మోగాయి. వేదిక మీద అధికారి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, అందరూ కొడుతున్నారు కదా అని తనూ కొట్టాడు. ఎడమవైపు ఒక ముసలాయన, కర్ర చంకలో పెట్టుకుని ఆయన కూడా కొట్టాడు. చచ్చిపోయినవాళ్ళ కోసం పాటించే మౌనానికి హాలంతా అలా చప్పట్లు పడ్డాయి. మొదటి చెయ్యి ఆపదు, మిగతావాళ్ళు ఆపేదాకా. మిగతావాళ్ళం ఆమె ఆపుతుందేమోనని చూస్తున్నాం.

ఆపింది ఒక తల్లి. ఆ పడవలో కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఎడమవైపు నుంచి లేచి నడవా దాటి వచ్చి అమ్మమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఒళ్ళోకి దించి, లేవకుండా నొక్కి పట్టుకుంది. అమ్మమ్మ కళ్ళు తెరిచింది. ఎవరో అభిమానంతో వచ్చి చేతులు పట్టుకున్నారనుకుంది. ఆ తల్లి మొహంలోకి చూసి చక్కగా నవ్వింది.

ఆ రోజు చెంప పక్కన నాణెం పెట్టుకుని ఎవరూ ఫోటో దిగలేదు. చప్పట్లు పడింది మౌనానికని బయటికి నడిచేటప్పుడు నేనే అమ్మమ్మ చెవిలో చెప్పాను.

మేస్త్రి వ్యాను దగ్గర కాచుకుని ఉన్నాడు. అమ్మమ్మ డ్రైవరు పక్క సీటులో కూర్చుని ఎదురు అద్దంలోంచి చూస్తోంది. ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి, దిగమ్మా అన్నాడు. ఆమె కదల్లేదు. ఇంకోసారి అన్నాడు. ఇంకా గట్టిగా అన్నాడు. వీధిలో పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు, ఆమె మాత్రం అద్దం మీద ఈగను చూస్తూ కూర్చుంది. మేస్త్రి మొహం మెల్లగా మారింది. ఎన్నాళ్ళనుంచీ అని ఆమెను కాదు, చిన్నమ్మమ్మను అడిగాడు. చిన్నమ్మమ్మ తల దించుకుంది. అమ్మమ్మ వెనక్కి తిరిగి, అందరి మొహాలూ వరసగా చూసింది. రహస్యం బయటపడిందని ఆ మొహాలే ఆమెకు చెప్పాయి.

"అది పొడిచింది," అంది. "పొడిస్తే కొడతాను. మౌనంలో ఎందుకు పొడిచిందో దాన్ని అడుగు."

"గురక పెడుతోంది," అంది చిన్నమ్మమ్మ. "పక్కవాళ్ళు వింటారని గాభరాపడ్డాను. లేపుదామని పొడిచాను. పొడిస్తే కొడుతుందని ఆ క్షణాన నాకు తోచలేదు."

ఆ మాట అమ్మమ్మ చెవిలో అరిచి చెప్పింది నేనే. ఆమె ఒక్క క్షణం చెల్లెలి వైపు చూసింది. తరవాత నవ్వింది. "నేనా? గురకా?" అంది. ఆమె నవ్వితే వ్యాను నవ్వకుండా ఉంటుందా? అలవాటుపడ్డ మనుషులం. దర్జీ అయితే, గురకకీ మోచెయ్యే చప్పట్లకీ మోచెయ్యే, ఒక్క అవయవంతో ఎన్ని పనులో అన్నాడు. చిన్నమ్మమ్మ మళ్ళీ ఏదో చెప్పబోయింది గానీ నవ్వుల్లో వినపడలేదు.

నేను కూడా నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం కూడా దొరికింది. అమ్మమ్మను తీసేశాక మేస్త్రి ఆ మెత్త కుర్చీ చిన్నమ్మమ్మకే ఇచ్చాడు. అదనులన్నీ తెలిసిన మనిషి ఇంకెవరున్నారు? ఆవిడ వద్దంది. వద్దంటే ఇద్దరికీ పని ఉండదని మేస్త్రి అన్నాడు. సరేనంది. అంతే, మా ఇంట్లో తీర్పు అయిపోయింది. కుర్చీ కోసం అక్కను పొడిచిన మనిషి అని అమ్మ అంది. అమ్మమ్మ అయితే చిన్నమ్మమ్మ మంచం గదిలోంచి నడవాలోకి, చెప్పుల స్టాండు పక్కకు జరిపించింది. టీ పెడితే మూడు కప్పులే పెట్టించేది. ఆవిడ వంటింట్లోకి వస్తే, దొంగ వచ్చినట్టు గరిటెలు డబ్బాలో వేసి మూత పెట్టేది. నేనేమో ఆవిడ నడవాలోంచి పోతున్నప్పుడల్లా గట్టిగా గురక పెట్టేదాన్ని. రకరకాలుగా పెట్టేదాన్ని, ఈలతో ఒకటి, బుసతో ఒకటి. ఆవిడ ఒకసారి ఆగి, "అలా కాదమ్మా, రంపం కోసినట్టు ఉంటుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. అది విని నేను, అమ్మ పడీపడీ నవ్వాం.

తరవాతి సభ తేనెటీగ నాణెం. పెద్ద హాలు, కెమెరాలు కూడా ఎక్కువ. చిన్నమ్మమ్మ మెత్త కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది, మొత్తం కుర్చీ తనది కాదన్నట్టు. ఇస్త్రీ చేసిన బట్టలు మడత నలగకుండా ఒళ్ళు బిగబట్టి కూర్చుంది. నేను నా మూడో వరసలో ఉన్నాను. ఎందుకో వెనక్కి తిరిగితే, చిట్టచివర తలుపు దగ్గర అమ్మమ్మ నిలబడి ఉంది. బస్సెక్కి తనంతట తనే వచ్చింది. పొడవాటి కోటు వేసుకుని, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

ఆ వారమంతా ఆమె ఎక్కడెక్కడికి తిరిగిందో నాకు తరవాత దర్జీ చెప్పాడు. ముఠాలో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, వాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ టీ తాగి, లేచేటప్పుడు ఒకటే మాట చెప్పింది. నా చేతులు చూడండి, దాని చేతులు కాదు. మేస్త్రి అంటే వాళ్ళకు భయమే. కానీ మేస్త్రి ఇంటికి వచ్చి కూర్చోడు కదా.

గుడ్డ జారింది. బండి చక్రమంత తేనెటీగ, చూస్తే బొద్దింకలా ఉంది. చిన్నమ్మమ్మ ఆ అదను తప్పలేదు, సరిగ్గా క్షణం మీద ఎత్తుకుంది. ఆవిడ చప్పట్లు ఖాళీ కవర్లు రెండు కలిపి కొట్టినట్టున్నాయి. ఎవరూ అందుకోలేదు. మధ్య వరసలన్నీ మెల్లగా వెనక్కి తిరిగాయి. చేతులన్నీ ఒళ్ళో ఉన్నాయి, నావి కూడా. చిన్నమ్మమ్మ ఒక్కతే కొడుతోంది. ఆపకూడదు. నియమం ఆవిడకు తెలుసు. టప్, టప్, టప్. అధికారి మాట్లాడబోయి నోరు మూశాడు. కెమెరాలు తేనెటీగ మీంచి ఆవిడ మీదికి తిరిగాయి. ఆవిడ భుజాలు ఎగురుతున్నాయి, మెడ ఎర్రబడింది. జనం చూస్తున్నదేమిటో తెలుసుకుందామని కొడుతూనే వెనక్కి తిరిగింది.

అక్కను చూసింది. చేతులు ఆపలేదు. అక్కనే చూస్తూ, కళ్ళనీళ్ళు కారిపోతుంటే, పిల్లకు తాళం నేర్పుతున్నట్టు కొడుతూనే ఉంది. మా అమ్మమ్మ కూడా ఆవిడనే చూస్తోంది. నేను ఆ మొహంలో జాలి కోసం వెతికాను. జాలి లేదు, కోపం కూడా లేదు. దుప్పటి సరిగా పిండారా లేదా అని చూసే చాకిరేవు మనిషి చూపు అది. ఇంకా నీళ్ళున్నాయి, ఇంకో మెలిక తిప్పాలి అన్నట్టు. చాలాసేపు తిప్పింది. ఆ తరవాత తాపీగా జేబుల్లోంచి చేతులు తీసి, ఒక్కటి కొట్టింది.

హాలు బద్దలైంది. మేం అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. అధికారి మొహం వెలిగిపోయింది. చిన్నమ్మమ్మ అప్పుడు ఆపింది. ముందుకు తిరిగి, కందిపోయిన అరచేతులు ఒళ్ళో బోర్లించుకుని కూర్చుంది. ఫోటో కోసం నాణెం ఇస్తే చెంప పక్కన పెట్టుకుంది, నవ్వింది, గేటు దగ్గర సంచిలో వేసింది. అన్నీ పద్ధతిగా చేసింది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ పెట్టె, సూట్‌కేసు పట్టుకుని వెళ్ళిపోయింది. చాకిరేవు వెనక సామాను గది అద్దెకిచ్చారట. తలుపు దగ్గర నిలబడి, వెళ్ళొస్తానక్కా అంది. అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వినపడలేదేమో అని మళ్ళీ అనలేదు ఆవిడ. నడవాలో మంచం తీసేశాక, ఇప్పుడు గాలి బాగా వస్తోంది అంది అమ్మమ్మ.

సాయంత్రానికల్లా మేస్త్రి మా ఇంట్లో టీ తాగుతున్నాడు. చెవులు లేకపోతే పోనీ, నీకు ఆ చేతులున్నాయి, వచ్చి నీ కుర్చీ నువ్వు తీసుకో తల్లీ అని ఆమె చెవిలో అరిచాడు. ఇంకో మెత్త కూడా వేయిస్తానన్నాడు. ఆమె ముందు కుదరదంది, ఆయన రెండో కప్పు తాగాక సరేనంది. పొడవడానికి పక్కన ఒక మనిషి కావాలి కదా అంటే, నా వైపు చూపించి, ఇదుంది కదా, ఎముకలు దీనికీ ఉన్నాయి అంది. అలా నేను మూడో వరస నుంచి ముందు వరసకు వచ్చాను. వ్యానులో నన్ను పలకరించడం కూడా మొదలుపెట్టింది.

ముందు వరసలో నా మొదటి సభ వాతావరణ కేంద్రం నాణెం. నాణెం మీద మబ్బు ఉంది. మబ్బు గురించి మాట్లాడటానికి అంత ఉందని నాకు తెలియదు. నాలుగైదుసార్లు పొడిచాను, ఆమె అందంగా కొట్టింది. మధ్యలో ఒక పెద్దాయన లేచి వర్షపాతం లెక్కలు మొదలుపెట్టాడు. కాసేపటికి నా పక్కనుంచి చప్పుడు వచ్చింది. మొదట సన్నగా గరగర. ఎవరో ఏడుపు ఆపుకుంటున్నట్టు. ఆ తరవాత రంపం.

ఆమె తల నిటారుగా ఉంది, కళ్ళు తన్మయంగా మూసుకుని ఉన్నాయి, నోరు మాత్రం కొద్దిగా తెరుచుకుంది. అధికారి వేదిక మీంచి ఆమెనే ఆరాధనగా చూస్తున్నాడు. పడవ సభలో విన్న చప్పుడు ఇదే. ఏడ్చినవాళ్ళు ఎవరూ లేరు. నా మోచెయ్యి దానంతట అదే లేచింది. లేచి గాల్లో ఆగిపోయింది, పొడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి. అది నాకు ఎలా తెలిసిందో కూడా తెలుసు. చెప్పు మడమతో ఆమె కాలి వేలు గట్టిగా తొక్కాను. కళ్ళు తెరిచింది, చేతులు కదపలేదు. నాకేసి చురచురా చూసి మళ్ళీ తన్మయంలోకి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేటప్పుడు వ్యాను సిగ్నల్ దగ్గర ఆగింది. నేను ఆమె సీటు వెనకనుంచి వంగి, చెవికి నోరు ఆనించి అడిగాను. పడవ సభ రోజు కూడా నువ్వు గురక పెట్టావు కదూ అన్నాను. చిన్నమ్మమ్మ నిజమే చెప్పిందని నీకు ఆ రోజే తెలుసు కదూ అన్నాను. ఆమె చెప్పు విప్పి కాలి వేలు నొక్కుకుంటూ, ఆ వేలినే చూస్తూ జవాబు చెప్పింది.

"పెట్టాను. దానికి తెలుసు, నాకూ తెలుసు. మధ్యలో నువ్వెవరివే?"